'సెక్యూర్' అన్న మాట చూసి టిక్కు పెట్టేవారికి

సమాచార భద్రతా ఆడిటర్లకు, వారి చేతికి చెక్‌లిస్టులు తయారుచేసి ఇచ్చే పెద్దలకు,



నేను హైదరాబాద్‌లో ఒక మోస్తరు ఆఫీసులో సర్వర్లు చూసుకునే మనిషిని. మొన్నటి ఆడిట్‌లో నా వాటాకు పదకొండు అబ్జర్వేషన్లు వచ్చాయి. పదింటికి మారు మాట్లాడలేదు. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల అకౌంట్లు తీసేయకపోవడం, లాగ్‌లు దాచడమే తప్ప ఎవరూ చదవకపోవడం, ఇవన్నీ నిజమే. తప్పు నాదే. పదకొండోది మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు. అందులో రాసింది ఇంతే: "ఫైల్ సర్వర్ ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో 'ఇన్‌సెక్యూర్' అనే ఆప్షన్ ఉంది. తీవ్రత: హై. తొలగించి స్క్రీన్‌షాట్ జతచేయగలరు."

తొలగించాను. స్క్రీన్‌షాట్ జతచేశాను. సాయంత్రానికల్లా అబ్జర్వేషన్ క్లోజ్ అయింది. మర్నాడు పొద్దున డిజైన్ విభాగంలో ఉన్న మ్యాక్‌లలో ఒక్కదానికీ ఫైల్ సర్వర్ మౌంట్ కాలేదు. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని ముఖాన కొట్టినట్టు చెప్పింది. టెస్టింగ్ వాళ్ల వర్చువల్ మెషీన్లదీ అదే కథ. పది గంటలకు నా ఫోను మోగడం మొదలైంది, మధ్యాహ్నం భోజనం దాకా ఆగలేదు.

భోజనం అయ్యాక ఒక పని చేశాను. స్టోర్‌లో దుమ్ము పట్టి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసి, దాంట్లో లినక్స్ వేసి, ఆఫీసు నెట్‌వర్క్ కేబుల్ తగిలించాను. ఆ ల్యాప్‌టాప్‌కు రూట్, అంటే సర్వాధికారి, నేనే. మీరు చెప్పినట్టే 'ఇన్‌సెక్యూర్' తీసేసిన ఆ సర్వర్‌ను మౌంట్ చేశాను. మొదటి ప్రయత్నంలోనే అయింది. తర్వాత మా అకౌంట్స్ ఆఫీసర్‌కి సర్వర్‌లో ఏ యూజర్ నంబరు ఉందో అదే నంబరుతో ల్యాప్‌టాప్‌లో ఒక కొత్త యూజర్‌ను పుట్టించాను. ఆ యూజర్‌గా మారి జీతాల ఫోల్డర్ తెరిచాను. తెరుచుకుంది. అంతా కలిపి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. మా వాళ్ల జీతాలు నేను చదవలేదు, మూసేశాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

ఇది మీ 'హై' తీవ్రత లోపాన్ని సరిచేసిన తర్వాత జరిగిన సంగతి.

అసలు ఆ ఆప్షన్ చేసే పనేమిటో మీలో చాలామందికి తెలుసు. తెలియనివారి కోసం, ఈ ఉత్తరం చదివే మామూలు పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నెట్‌వర్క్‌లో ఒక కనెక్షన్‌కు రెండు చివరలు, రెండు పోర్టులు. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) సర్వర్ 2049 పోర్టు దగ్గర కూర్చుని ఉంటుంది. క్లయింట్ తన వైపు నుంచి ఏదో ఒక పోర్టులోంచి బయలుదేరి అక్కడికి వస్తుంది. 'సెక్యూర్' అంటే, వచ్చినవాడు 1024 కంటే చిన్న పోర్టులోంచి బయలుదేరాడా లేదా అని సర్వర్ చూస్తుంది. చిన్న పోర్టయితే రానిస్తుంది, పెద్దదయితే పొమ్మంటుంది. 'ఇన్‌సెక్యూర్' అంటే ఆ ఒక్క తనిఖీ మానేస్తుంది. ఫైర్‌వాల్ తీసేయడం కాదు, పాస్‌వర్డ్ తీసేయడం కాదు, అనుమతులు గాలికి వదిలేయడం కాదు. బయలుదేరిన పోర్టు నంబరు చూడదు, అంతే. లినక్స్‌లో ఏమీ రాయకపోతే 'సెక్యూర్' అనే అర్థం. తమాషా ఏమిటంటే క్లయింట్‌ను చిన్న పోర్టు అడిగే ఈ సర్వర్ తాను కూర్చున్న 2049 మాత్రం ఎవరైనా తెరవగలిగిన పెద్ద పోర్టే.

మరి 1024కి ఏమిటా ప్రత్యేకత? యూనిక్స్ యంత్రాల్లో సంప్రదాయంగా 1024 కంటే చిన్న పోర్టును రూట్ అధికారం ఉన్న ప్రోగ్రామ్ మాత్రమే తెరవగలదు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీలోని ఆర్‌లాగిన్, ఆర్ఎస్‌హెచ్ వంటి ప్రోగ్రామ్‌లు ఈ కట్టుబాటు మీదే నడిచాయి. అప్పట్లో యంత్రమంటే వ్యాక్స్ లాంటి పెద్ద బీరువా. తాళం వేసిన గదిలో ఉండేది. రూట్ పాస్‌వర్డ్ ఒకరిద్దరికి తెలిసేది. కాబట్టి 'చిన్న పోర్టులోంచి వచ్చింది' అంటే 'అవతల ఉన్న పెద్దమనిషి చూసి పంపాడు' అని అనుకోవడానికి వీలుండేది.

మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే అది గెజిటెడ్ ఆఫీసర్ సంతకం. మార్కుల జాబితా జిరాక్స్ పట్టుకుని, పచ్చ సిరా సంతకం కోసం హెడ్‌మాస్టర్ గారి ఇంటి అరుగు మీద కూర్చున్న తరం మాది. ఆ సంతకానికి విలువ ఎందుకుండేదంటే, పెట్టగలిగేవాళ్లు ఊరికి నలుగురే ఉండేవారు కనుక. తర్వాత రబ్బరు స్టాంపులు చేసే కొట్లు పెరిగాయి. ఎవరి స్టాంపు ఎవరు కొడుతున్నారో తెలియని రోజులొచ్చాయి. 2014లో కేంద్ర ప్రభుత్వమే ఈ గొడవ వద్దు, స్వీయ ధ్రువీకరణ చాలని ప్రోత్సహించింది. ఒరిజినల్ చూపించాల్సిన చోట ఒరిజినలే చూపించాలి కదా అన్నది అందులోని తర్కం.

పోర్టుల విషయంలో రబ్బరు స్టాంపు కొట్లు ఇంకా ముందే తెరుచుకున్నాయి. సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్ఎఫ్ఎస్‌ను తయారుచేసింది 1984లో. అప్పటికే బల్లల మీదికి పీసీలు వస్తున్నాయి. డాస్ పీసీలో రూట్ అనే భావనే లేదు, ఏ ప్రోగ్రామ్ అయినా ఏ పోర్టయినా తెరవొచ్చు. అదే సన్ కంపెనీ ఆ డాస్ పీసీల కోసం పీసీ-ఎన్ఎఫ్ఎస్ అనే సరుకు కూడా అమ్మింది! 1985లో రాబర్ట్ మోరిస్ 4.2 బీఎస్‌డీ నెట్‌వర్క్ కోడ్‌లోని బలహీనత మీద ఒక వ్యాసం రాశాడు. నమ్మకమైన యంత్రం నుంచి వచ్చినట్టు దొంగ ప్యాకెట్లు ఎలా పంపవచ్చో అందులో ఉంది. 1994 క్రిస్మస్ రోజున కెవిన్ మిట్నిక్ అనే హ్యాకర్, సుతోము షిమోమురా అనే భద్రతా నిపుణుడి యంత్రాల్లోకి చొరబడ్డది ఆ రకం నమ్మకాన్ని వాడుకునే. ఇక ఈ రోజు సంగతి చూడండి. ప్రతి ల్యాప్‌టాప్ యజమానీ తన ల్యాప్‌టాప్‌కు రూటే. ప్రతి వర్చువల్ మెషీన్‌లో ఒక రూట్. డాకర్ కంటైనర్‌కు చిన్న పోర్టు తెరిచే హక్కు పుట్టుకతోనే ఇచ్చేస్తున్నారు. 2017లో వచ్చిన లినక్స్ 4.11 నుంచి ఆ 1024 గీతను ఒక్క సెట్టింగ్‌తో కిందికి జరుపుకోవచ్చు, సున్నాకు కూడా. 2018లో యాపిల్ తన మ్యాక్ఓఎస్ మోహావేలో సాధారణంగా సర్వర్ ప్రోగ్రామ్‌లు పోర్టు తెరిచే పద్ధతికి ఆ నిబంధననే ఎత్తేసింది. గీత గీసినవాళ్ల వారసులే చెరిపేస్తుంటే, ఆ గీత దాటాడా లేదా అని మనం ఇంకా వంగి చూస్తున్నాం.

నా ల్యాప్‌టాప్ ప్రయోగం ఎందుకు పారిందో ఇప్పుడు తెలుస్తుంది. లినక్స్ క్లయింట్ మామూలుగా చిన్న పోర్టులోంచే బయలుదేరుతుంది. నేను ఏ మాయా చేయలేదు. 'సెక్యూర్' తనిఖీ నా దొంగ ల్యాప్‌టాప్‌కు సలాం కొట్టి దారి ఇచ్చింది. నిజాయతీగా పనిచేసుకునే డిజైనర్ల మ్యాక్‌లు అలవాటుగా పెద్ద పోర్టులు వాడతాయి కాబట్టి వాటిని గుమ్మంలోనే ఆపింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఆ ఎక్స్‌పోర్ట్ పాత 'సిస్' పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో ప్రతి అభ్యర్థన మీదా 'నేను ఫలానా నంబరు యూజర్‌ను, ఫలానా గ్రూపులవాణ్ని' అని క్లయింటే రాసుకుంటుంది. సర్వర్ దాన్ని నమ్ముతుంది. రుజువు అడగదు. రూట్ స్క్వాష్ అనే రక్షణ ఉంది కదా అంటారేమో. అది సున్నా నంబరుతో వచ్చినవాణ్ని మాత్రమే నోబడీగా మారుస్తుంది. నేను సున్నాగా వెళ్లలేదు, అకౌంట్స్ ఆఫీసర్‌గా వెళ్లాను. మీ రిపోర్టులో ఎత్తి చూపిన ఆ వరుసలోనే, 'ఇన్‌సెక్యూర్' అనే మాటకు నాలుగు అక్షరాల దూరంలో, ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికి రాసే హక్కుతో ఆ ఫోల్డర్ ఇచ్చి ఉంది. 'సిస్' అని కూడా ఉంది. ఆ రెండూ మీ కంటికి ఆనలేదు. ఎందుకంటే వాటి పేర్లలో భయపెట్టే మాట లేదు. తాళం వేసి గొళ్లెం మరిచినట్టు అంటారే, ఇక్కడ గొళ్లెమే లేని తలుపుకు తాళం బొమ్మ గీసి, రంగు బాగుందని మార్కులు వేశారు.

మిమ్మల్ని ఒక్కరినే అనడం కూడా సరికాదు. ఆ పేరు పెట్టినవాళ్లది సగం తప్పు. 'చిన్న పోర్టు తప్పనిసరి' అని పెట్టాల్సిన చోట 'సెక్యూర్' అని పెట్టారు. బిడ్డకు బంగారయ్య అని పేరు పెట్టినంత మాత్రాన ఇంట్లోకి బంగారం రాదు. సన్ వాళ్ల సొలారిస్‌లో ఇదే తనిఖీకి 'పోర్ట్‌మాన్' అని బోడి పేరు పెట్టారు, పైగా డీఫాల్ట్‌గా ఆపి ఉంచారు. ఎన్ఎఫ్ఎస్‌ను కన్నవాళ్లే అలా ఉంచారంటే ఆలోచించాలి. లినక్స్‌లోనూ పేరు మారలేదు గానీ బుద్ధి మారింది. 2018లో వచ్చిన 4.17 కెర్నల్ నుంచి, కెర్బెరోస్ అనే గుర్తింపు పద్ధతితో వచ్చిన అభ్యర్థనకు 'సెక్యూర్' తనిఖీ వర్తించదు. మాన్యువల్ పేజీలో ఆ ముక్క రాసి ఉంది. అంటే అసలైన గుర్తింపు కార్డు చూపించినవాణ్ని ఏ గేటులోంచి వచ్చావని అడగనక్కర్లేదని దాన్ని నడిపేవాళ్లే ఒప్పుకున్నట్టు.

ఈ తనిఖీకి అయ్యే ఖర్చు సంగతి ఏ చెక్‌లిస్టులోనూ చూడలేదు నేను. లినక్స్ ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ చిన్న పోర్టు కావాలంటే మామూలుగా 665 నుంచి 1023 మధ్యే వెతుక్కుంటుంది. లెక్కపెడితే 359. ఒకే సర్వర్‌కు వెళ్లే మౌంట్లు చాలావరకు ఒకే కనెక్షన్ పంచుకుంటాయి కాబట్టి చిన్న ఆఫీసులో ఇది బాధించదు. కానీ పదుల కొద్దీ స్టోరేజ్ సర్వర్లు, ఆటోమౌంటర్, పాత మూడో వెర్షన్ ఎన్ఎఫ్ఎస్ కలిసిన చోట కథ వేరు. అక్కడ మౌంట్ చేసే ప్రతిసారీ చిన్నచిన్న కనెక్షన్లు పుట్టి చస్తుంటాయి. చచ్చిన కనెక్షన్ పోర్టు నిమిషం పాటు మైల పట్టినట్టు ఎవరికీ పనికిరాదు. పొద్దున అందరూ ఒకేసారి లాగిన్ అయ్యే వేళకు ఆ 359 చాలవు.

ఇంకో తద్దినం కూడా ఉంది. 993, 995 నంబర్లు ఆ మధ్యలోనే ఉన్నాయి. అవి మెయిల్ సర్వర్ వాడే పోర్టులు. కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి మెయిల్ సర్వర్ రీబూట్ చేస్తే, 993 ఎవరో వాడుతున్నారంటూ మెయిల్ ప్రోగ్రామ్ లేవనంది. ఎవరా అని నెట్‌స్టాట్‌లో చూస్తే పోర్టు కనిపిస్తోంది గానీ ప్రాసెస్ పేరు ఉండాల్సిన చోట చిన్న గీత ఉంది. ఆ గీత చూస్తూ గంటన్నర కూర్చున్నాను. చివరికి తేలింది ఏమిటంటే, మెయిల్ ప్రోగ్రామ్ కంటే ముందు లేచిన ఎన్ఎఫ్ఎస్ మౌంట్ ఆ 993ను తన ప్రయాణానికి పట్టుకుంది. అది కెర్నల్ పట్టుకున్న పోర్టు కాబట్టి ప్రాసెస్ పేరు లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఆ రాత్రి అర్థమైంది.

అందుకే క్లయింట్ వైపు 'నోరెస్వ్‌పోర్ట్' అనే మౌంట్ ఆప్షన్ ఉంది. చిన్న పోర్టు వద్దు, మామూలు పోర్టులోంచే వెళ్తాను అని చెప్పడం. అమెజాన్ తన ఈఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌కు సిఫార్సు చేసే మౌంట్ ఆప్షన్లలో ఇదీ ఒకటి. కనెక్షన్ తెగి మళ్లీ కలిసేటప్పుడు కొత్త పోర్టు తీసుకోవడానికి వీలుగా ఉంటుందన్నది వాళ్లు చెప్పే కారణం. మరి అక్కడ భద్రత ఏ పోర్టు చూస్తోంది? ఏ పోర్టూ చూడదు. ఏ యంత్రాలు చేరుకోగలవో సెక్యూరిటీ గ్రూపులతో కట్టడి చేస్తారు, దారిలో టీఎల్ఎస్‌తో మూత పెడతారు, ఎవరికి ప్రవేశమో ఐఏఎం నిబంధనలతో తేలుస్తారు.

వర్చువల్ మెషీన్ల గోల కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మా టెస్టింగ్ అమ్మాయి తన మెషీన్‌లో లోపల ఇంకో మెషీన్ నడుపుతుంది. లోపలి మెషీన్‌లో రూట్ తనే, అక్కడ చిన్న పోర్టులోంచే బయలుదేరుతుంది. కానీ బయటి మెషీన్‌లో దాని నెట్‌వర్క్‌ను మోసే ప్రోగ్రామ్‌కు రూట్ హక్కులు లేవు. అది తన పెద్ద పోర్టు తగిలించి పంపుతుంది. సంతకం ఉన్న కాగితం దారిలో జిరాక్స్ అయిపోతుందన్నమాట. ఇళ్లలో 'కోడి' అనే మీడియా ప్లేయర్ వాడేవాళ్లకూ (పేరు చూసి నవ్వకండి, నేనూ నవ్వాను) ఇదే సమస్య. అది కెర్నల్ సాయం లేకుండా తానే సర్వర్‌తో మాట్లాడుతుంది, రూట్ కాదు కాబట్టి చిన్న పోర్టు దొరకదు. సర్వర్ దగ్గర 'ఇన్‌సెక్యూర్' రాయక తప్పదు. సినిమాల ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే ఇచ్చిన ఇంట్లో దానివల్ల మునిగేది ఏదీ లేదు.

అయితే ఆ తనిఖీ ఎప్పటికీ దండగే అని నేను అనను. అలా అంటే నేనూ మీలాగే మాట చూసి తీర్పు చెప్పినవాణ్ని అవుతాను. ఇంజనీరింగ్ కాలేజీలో ఒక పెద్ద కంప్యూటింగ్ సర్వర్ ఉందనుకోండి. రెండు వందల మంది విద్యార్థులు లాగిన్ అవుతారు, ఒక్కరికీ రూట్ లేదు. అందరి హోమ్ ఫోల్డర్లూ ఎన్ఎఫ్ఎస్ మీద ఉన్నాయి. అక్కడ 'ఇన్‌సెక్యూర్' పెడితే, కాస్త చురుకైన పిల్లవాడు కోడి లాంటి ప్రోగ్రామ్ ఒకటి రాసుకుని, రూట్ అక్కర్లేకుండానే, పక్కవాడి యూజర్ నంబరు చెప్పి వాడి ప్రాజెక్టు ఎత్తుకుపోగలడు. 'సెక్యూర్' ఉంటే ఆ దారి మూసుకుంటుంది. అక్కడ దానికి పని ఉంది, ఉంచాల్సిందే. కాకపోతే అదే ల్యాబ్‌లో గోడకు ఉన్న కేబుల్ పీకి సొంత ల్యాప్‌టాప్‌కు పెట్టుకునే వీలుంటే, పెన్‌డ్రైవ్‌తో ల్యాబ్ పీసీని బూట్ చేసుకునే వీలుంటే, మళ్లీ మొదటికే వస్తుంది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఆ వరుసలో 'ఇన్‌సెక్యూర్' కనబడగానే పెన్ను తీయకండి. ముందు అడగండి: ఈ ఫోల్డర్‌ను చేరుకోగల యంత్రాల్లో రూట్ ఎవరి దగ్గర ఉంది? జవాబు 'మా దగ్గర మాత్రమే' అయితే చిన్న పోర్టు తనిఖీకి అర్థం ఉంది, అది పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో అడగండి. జవాబు 'ఎవరి ల్యాప్‌టాప్‌కు వాళ్లే' అయితే ఆ తనిఖీ ఉన్నా లేకున్నా ఒకటే, అప్పుడు 'సిస్' పద్ధతినే హై అని రాయండి. కెర్బెరోస్ ఎందుకు లేదని నిలదీయండి. నాలుగో వెర్షన్ ఎన్ఎఫ్ఎస్ మొదటినుంచీ దాన్ని తప్పక అమలుచేయాల్సిన జాబితాలో పెట్టింది, అయినా మనం వాడటం లేదు. ఎందుకు వాడటం లేదో నాకూ తెలుసు: దాన్ని పెట్టడం పెళ్లి చేసినంత పని. గడియారాలు ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే టికెట్ చెల్లదు, ప్రతి యంత్రానికీ ఒక కీట్యాబ్ కావాలి, రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్టుకు టికెట్ ఎవరిస్తారన్నది ఇంకో పంచాయతీ. అది మోయలేనివాళ్లకు ఇప్పుడు ఇంకో దారి ఉంది. 2022 సెప్టెంబరులో 9289 నంబరు ఆర్‌ఎఫ్‌సీ వచ్చింది, ఎన్ఎఫ్ఎస్ సంభాషణను టీఎల్ఎస్‌లో చుట్టడం గురించి. 2023లో లినక్స్ కెర్నల్ సర్వర్, క్లయింట్ రెండు వైపులా దాన్ని చేర్చుకుంది. రెండు వైపులా సర్టిఫికెట్ అడిగే పద్ధతి పెడితే నా దుమ్ము ల్యాప్‌టాప్ గుమ్మం దగ్గరే ఆగిపోయేది. అయితే అది కూడా యంత్రాన్ని గుర్తిస్తుంది తప్ప మనిషిని కాదు. అది మరిచిపోయి దానికీ గుడ్డిగా టిక్కు పెట్టకండి.

ఇంతకీ నేనేం చేశానంటారా? అకౌంట్స్ ఫోల్డర్‌ను మూడు యంత్రాలకు మాత్రమే ఇచ్చి, కెర్బెరోస్‌తో దారి పొడవునా గుప్తలేఖనం ఉండే పద్ధతికి మార్చాను. దానికి రెండు శని, ఆదివారాలు పోయాయి. అక్కడ 'ఇన్‌సెక్యూర్' అనే మాట అవసరమే రాలేదు. మ్యాక్‌లకు క్లయింట్ వైపే 'రెస్వ్‌పోర్ట్' పెట్టి చిన్న పోర్టు వాడించవచ్చు. కొన్నాళ్లు అలాగే నడిపాను, వర్చువల్ మెషీన్లకు ఆ మందు పనిచేయలేదు. చివరికి డిజైన్ బొమ్మల ఫోల్డర్‌ను, టెస్టింగ్ ఫోల్డర్‌ను విడదీసి, అవసరమైన ఐపీలకే ఇచ్చి, వచ్చినవాళ్లందరినీ ఒకే సాదా యూజర్‌గా మార్చే 'ఆల్ స్క్వాష్' పెట్టాను. ఆ రెండు వరుసల చివరా మీరు తీయించిన ఆ మాటే మళ్లీ రాశాను.

వచ్చే ఆడిట్‌లో అది మళ్లీ 'హై' అని వస్తుంది, నాకు తెలుసు. ఈసారి క్లోజర్ రిపోర్టుకు స్క్రీన్‌షాట్ బదులు ఈ ఉత్తరం కాపీ జతచేస్తున్నాను. గెజిటెడ్ సంతకం లేదు, స్వీయ ధ్రువీకరణే.

ఇట్లు,
మీ పదకొండో అబ్జర్వేషన్ తాలూకు సిస్టమ్ అడ్మిన్,
హైదరాబాద్